కావలి నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలు?

కావలి నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. తల్లి ఆయన దగ్గరే ఉంటారు. ఆమెకు 66 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పే, బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడతారు. తెలుగు తప్ప మరో భాష రాదు, ఇంతవరకూ విమానం ఎక్కలేదు. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న కూతురికి డిసెంబర్ మధ్యలో కాన్పు. వీసా వచ్చేసింది. నవంబర్‌లో ఆమెను ఒంటరిగా పంపాలి.

"అంత దూరం నావల్ల కాదురా నాయనా" అని ఆమె వెనకాడితే, విమానాశ్రయాల మధ్య దూరం చూపించే వెబ్‌సైట్ ఒకటి ఫోన్‌లో తెరిచి చెన్నై, డల్లాస్ అని కొట్టారట. 14,900 కి.మీ., 17 గంటల 30 నిమిషాలు అని వచ్చింది. "సికింద్రాబాద్ రాత్రి రైలు రెండుసార్లు ఎక్కినట్టే అనుకోమ్మా" అని ఒప్పించారు. తర్వాత ట్రావెల్ ఏజెంటు దుబాయ్ మీదుగా చూపించిన టికెట్‌లో మొత్తం ప్రయాణం 23 గంటల 30 నిమిషాలని ఉంది. అదే కాగితం మీద చెన్నైలో తెల్లవారుజామున 4కి బయలుదేరి, అదే తేదీ సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగినట్టు కూడా ఉంది. అంటే 12 గంటలేనా? హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య దూరం 8 వేలే అంటాడు, ఫ్రిస్కోలో ఉన్న చెల్లెలు 9 వేల పైచిలుకు అంటుంది. ఇదంతా విన్న అమ్మ, "ఒకసారి పదిహేడంటావు, ఒకసారి ఇరవై నాలుగంటావు. నాకు చదువు రాదనే గదరా ఈ మాటలు?" అని అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయారట.

దీనికి తోడు అన్నయ్య ఇంకో దారి చూపిస్తున్నాడు. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు విడిగా చవక టికెట్, 2 గంటల తేడాతో అక్కడి నుంచి దుబాయ్, డల్లాస్. "గన్నవరం నుంచి 265 కి.మీ.లే, 50 నిమిషాల్లో దిగిపోతుంది, 2 గంటలు చాలవా?" అని ఆయన వాదన. ఏ లెక్క నిజం, ఏ విమానాశ్రయం మేలు, అమ్మకు ఇప్పుడేం చెప్పాలి, అసలు ఒంటరిగా పంపవచ్చా అని మీరు అడిగారు.

ముందు మీ మనసులో ముల్లు తీద్దాం. మీరు అమ్మకు అబద్ధం చెప్పలేదు. ఏజెంటు కూడా మోసం చేయడం లేదు. డల్లాస్ గురించి మీ ఇంట్లో తిరుగుతున్న అంకెలన్నీ నిజమైనవే. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. మీరు అమ్మకు చెప్పాల్సిన అంకె మాత్రం వాటిలో ఏదీ కాదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

దూరం గొడవ సులువుగా తేలిపోతుంది. 14,900 కిలోమీటర్లను మైళ్ళలోకి మారిస్తే దాదాపు 9,260. విమానాలవాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలోకి మారిస్తే 8,045. నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. అన్నయ్య 8 వేలు, చెల్లెలి 9 వేలు, మీ 14,900 ఒకే దూరానికి మూడు కొలతలు. ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు.

ఇక ఆ 17న్నర గంటలు. ఆ వెబ్‌సైట్లు చేసేది చిన్న లెక్క. భూమి ఉపరితలం మీద రెండు విమానాశ్రయాలను కలిపే అతి దగ్గరి గీత గీస్తాయి. ఆ దూరాన్ని ఒక సగటు వేగంతో, సాధారణంగా గంటకు 800 నుంచి 900 కి.మీ.తో భాగిస్తాయి. 14,900ని 850తో భాగించి చూడండి, 17న్నర వస్తుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే చెన్నై మీద ఒక వేలు, డల్లాస్ మీద ఒక వేలు పెట్టి మధ్యలో దారం బిగించి చూడండి. ఆ దారం అరేబియా మీదుగానో అట్లాంటిక్ మీదుగానో పోదు. నేరుగా పైకి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఒరుసుకుంటూ వెళ్ళి అవతలి వైపు దిగుతుంది. చెన్నై తూర్పు రేఖాంశం 80 డిగ్రీల దగ్గర, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97 దగ్గర ఉన్నాయి. రెండూ కలిపితే 177. అంటే గుండ్రని భూమి మీద ఒకదానికొకటి దాదాపు ఎదురెదురు వైపులన్నమాట. ఆ గీత మీద చెన్నై నుంచి డల్లాస్‌కు ఆగకుండా వెళ్ళే విమానం లేదు. అంత దూరం ఎగిరే విమానాలు ప్రపంచంలో లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కి.మీ. ఒకే ఊపులో వెళ్ళే సర్వీసు ఉంది, అది 18 గంటలు దాటుతుంది. మీ అమ్మగారి దారిలో అలాంటిది ఎవరూ నడపడం లేదు. కాబట్టి ఆ 17న్నర గంటలు లేని విమానానికి వేసిన లెక్క.

ఉన్న విమానాలతో లెక్క వేద్దాం. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,930 కి.మీ., దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,920. కలిపితే 15,850. అతి దగ్గరి గీత కన్నా 950 కి.మీ. మాత్రమే ఎక్కువ. ఇంకో విషయం చెబితే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోయినా చెన్నై నుంచి 7,590, అక్కడి నుంచి 8,260, మొత్తం మళ్ళీ అదే 15,850. కాబట్టి ఎక్కడ ఆగితే దూరం తక్కువ అనే ప్రశ్నను మీరు పక్కన పెట్టేయవచ్చు.

మరి గంటలు ఎందుకు పెరిగాయి? టికెట్ మీద ఉండే సమయం గాల్లో ఉన్నంతసేపే కాదు. విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగే వరకూ లెక్క. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడడం, పైకి ఎక్కడం, కిందికి దిగే ముందు చుట్టూ తిరగడం అన్నీ అందులోనే. ప్రయాణం చిన్నదయ్యేకొద్దీ ఈ నేల మీది సమయం ఎక్కువగా తినేస్తుంది. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు 265 కి.మీ., టికెట్ మీద దాదాపు గంట. చెన్నై నుంచి హైదరాబాద్ 510 కి.మీ.కు గంటా పావు, అంటే గంటకు 400 వేగం. చెన్నై, దుబాయ్ మధ్య 4 గంటల పావు పడితే సగటు 690. దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటల పైచిలుకు, సగటు దాదాపు 800. ఒకే వేగంతో అన్నింటినీ భాగించే లెక్క చిన్న ప్రయాణాల దగ్గరే ఎక్కువ తప్పుతుంది. అన్నయ్య 50 నిమిషాలన్నది కూడా టికెట్ మీద దాదాపు గంట.

రెండో కారణం గాలి. మధ్య అక్షాంశాల్లో ఎత్తున వీచే బలమైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. వెళ్ళేటప్పుడు మీ అమ్మగారి విమానం చాలాసేపు ఎదురుగాలిలో పోతుంది, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. అందుకే దుబాయ్, డల్లాస్ మధ్య వెళ్ళేటప్పటి కన్నా వచ్చేటప్పుడు గంట, గంటన్నర తగ్గుతుంది. మూడో కారణం మూసిన ఆకాశాలు. 2022 నుంచి రష్యా గగనతలం యూరప్, అమెరికా సంస్థలకు మూసి ఉంది. 2025 ఏప్రిల్ చివర నుంచి పాకిస్తాన్ గగనతలం మన దేశపు విమానాలకు మూసేశారు. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే ఎన్నో విమానాలు దారి మళ్ళాయి. ఇలాంటి చుట్టుదారులు దూరం చూపించే పేజీల్లో కనిపించవు.

తెల్లవారుజామున 4కి ఎక్కి సాయంత్రం 4కి దిగడం గడియారాల మాయ. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. డల్లాస్ నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 11 గంటల 30 నిమిషాలు వెనక, మిగతా రోజుల్లో 10 గంటల 30 నిమిషాలు వెనక. మీ అమ్మగారు చెన్నైలో 4కి ఎక్కితే 4 గంటల పావు తర్వాత, మన గడియారంలో ఉదయం 8.15కి దుబాయ్‌లో దిగుతారు. అక్కడి గడియారం 6.45 చూపిస్తుంది. 3 గంటలు ఆగి, మన 11.15కి మళ్ళీ ఎక్కుతారు. 16 గంటల పావు ప్రయాణం. మన లెక్కలో మర్నాడు తెల్లవారుజామున 3.30కి దిగుతారు. అందులోంచి 11.30 తీసేస్తే డల్లాస్‌లో ముందు రోజు సాయంత్రం 4. సీట్లో కూర్చునేది 20న్నర గంటలు, మధ్యలో 3 గంటల ఆగుడుతో 23న్నర.

ఇప్పుడు అసలు అంకె. మీ అమ్మగారి ప్రయాణం చెన్నైలో మొదలవదు, కావలిలో మీ వాకిట్లో మొదలవుతుంది. కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 230 కి.మీ. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాకా బండి సాఫీగానే పోతుంది. ఆలస్యమంతా ఆ తర్వాతే. మనం ఊరికి ఉత్తరం నుంచి చేరుకుంటాం, విమానాశ్రయం దక్షిణాన మీనంబాక్కంలో ఉంది. పుళల్ దగ్గర బైపాస్ పట్టుకున్నా మధ్యలో ఒకసారి ఆగడం, టోల్ గేట్లు కలుపుకుని నాలుగున్నర, అయిదు గంటలు పెట్టుకోండి. అంతర్జాతీయ విమానానికి 3 గంటల ముందు అక్కడ ఉండాలి, వీల్‌చైర్ కావాలి కాబట్టి ఇంకో గంట కలపండి. అంటే 15వ తేదీ తెల్లవారుజామున 4కి విమానమైతే 14వ తేదీ రాత్రి 7కి ఇంట్లోంచి బయలుదేరాలి. డల్లాస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీకి గంటన్నర, ఫ్రిస్కో చేరడానికి దాదాపు గంట. మన గడియారంలో 16వ తేదీ ఉదయం 6కి కూతురింట్లో అడుగు పెడతారు. మీ గడప నుంచి ఆ గడపకు 35 గంటలు. అమ్మకు ఈ 35 చెప్పండి.

పెద్ద అంకె చెబితే మళ్ళీ భయపడతారని అనుకోవద్దు. ఆమెకు కోపం గంటలు పెరిగినందుకు రాలేదు, అంకె మారినందుకు వచ్చింది. 35 అని చెప్పి, అందులో కారు 5, చెన్నైలో 4, మొదటి విమానం 4 పై చిల్లర, దుబాయ్‌లో 3, పెద్ద విమానం 16 పై చిల్లర, దిగాక రెండున్నర అని ఆమె పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్క పెట్టించండి. ఏ భాగంలో తనతో ఎవరుంటారు, ఏ భాగంలో ఉండరు అన్నది కూడా చెప్పండి. అవన్నీ విన్నాక కూడా వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి. అప్పుడు చెల్లెలు అక్కడ వేరే ఏర్పాటు చేసుకోవడానికి వ్యవధి ఉండాలి కదా, అందుకే ఈ మాట ఈ వారమే మాట్లాడండి.

ఇక దారులు. మీ ముందు ఉన్నవి నాలుగు, ఏదీ పూర్తిగా మంచిదీ కాదు, పూర్తిగా చెడ్డదీ కాదు.

చెన్నై నుంచి గల్ఫ్ మీదుగా ఒకే టికెట్ మీద వెళ్ళడం మీ ఏజెంటు చూపించిన దారి. ఒక్కసారే మారాలి, లగేజీ చెన్నైలో ఇస్తే డల్లాస్‌లోనే తీసుకోవాలి, విమానాశ్రయం దాటకుండా మారతారు కాబట్టి దుబాయ్‌లో వీసా అక్కర్లేదు. కష్టమల్లా ఒకే కూర్చోవడంలో 16 గంటలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు. టికెట్ కొనే వారంలో గల్ఫ్ పరిస్థితి ఎలా ఉందో చూసుకోండి. ఒకే టికెట్ మీద ఉంటే విమానం రద్దయినా మరో దారిలో చేర్చే బాధ్యత ఆ సంస్థదే.

చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి యూరప్ విమానాశ్రయం మీదుగా అయితే ప్రయాణం దాదాపు సగానికి తెగుతుంది. పదేసి గంటల చొప్పున రెండు ముక్కలు. మోకాళ్ళకు ఇది మేలు. పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో లోపల్లోపలే మారడానికి వేరే వీసా అడగరు. అయినా కొనేముందు ఆ సంస్థతో ఒకసారి నిర్ధారించుకోండి. ఇబ్బంది భాషతో. గల్ఫ్ విమానాశ్రయాల్లో తెలుగో హిందీయో వచ్చిన మనవాళ్ళు అడుగడుగునా కనిపిస్తారు, సాయం అడిగితే చేస్తారు. అక్కడ ఆ ధైర్యం తక్కువ.

హైదరాబాద్ దారి. అక్కడి నుంచి దుబాయ్ 2,550 కి.మీ., అంటే చెన్నై కన్నా 380 తక్కువ, గాల్లో అరగంట కలిసొస్తుంది. కానీ కావలి నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద దాదాపు 390 కి.మీ. అరగంట కోసం రెండు మూడు గంటలు ఎక్కువ కారులో కూర్చోబెట్టినట్టు. అమ్మ రెండు రోజుల ముందే రైల్లో వెళ్ళి అన్నయ్య ఇంట్లో ఉండి, అక్కడి నుంచి తీరిగ్గా బయలుదేరితే మాత్రం ఇది మంచి దారి. తన ఇంటి నుంచి అమ్మను సాగనంపాలని అన్నయ్యకూ ఉంటుంది. దాన్ని వాదనలో ఓడించడం కన్నా ఈ రూపంలో ఒప్పుకోవడం ఇంటికి మంచిది.

నాలుగోది ఢిల్లీకో ముంబైకో వెళ్ళి, అక్కడి నుంచి న్యూయార్క్‌కో చికాగోకో వెళ్ళి, మళ్ళీ డల్లాస్‌కు మారడం. ఇది మీ అమ్మగారికి వద్దని గట్టిగానే చెబుతాను. అమెరికాలో మొట్టమొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. అక్కడే పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించి, లోకల్ విమానానికి పరిగెత్తాలి. 23 కిలోల పెట్టెలు రెండు. ఆ పని కూతురు బయట ఎదురుచూస్తున్న డల్లాస్‌లోనే జరగాలి. కాబట్టి టికెట్ చూసేటప్పుడు చివరి విమానం దేశం బయటి నుంచి నేరుగా డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌కు వస్తోందా అన్నది మొదట చూడండి. డల్లాస్‌లో లవ్ ఫీల్డ్ అని ఇంకో విమానాశ్రయం ఉంది, అది అమెరికా లోపలి విమానాలది. దూరం వెతికేటప్పుడు, టికెట్ కొనేటప్పుడు రెండోసారి చూసుకోండి.

అన్నయ్య చెప్పిన గన్నవరం విడి టికెట్ గురించి. కావలి నుంచి గన్నవరం కూడా 230 కి.మీ. పైనే, చెన్నై అంత దూరమే. కాబట్టి రోడ్డు మీద కలిసొచ్చేది ఏమీ లేదు. విడి టికెట్ అంటే హైదరాబాద్‌లో దిగి, పెట్టెలు తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ అంతర్జాతీయ కౌంటర్ దగ్గర వరుసలో నిలబడాలి. ఆ కౌంటర్ విమానానికి గంట ముందు మూసేస్తారు. అంటే 2 గంటల తేడాలో చేతికి మిగిలేది గంటే. వీల్‌చైర్ ప్రయాణికులను అందరూ దిగాక చివర దించుతారు, పెట్టెలు రావడానికి అరగంట. గన్నవరం విమానం 30 నిమిషాలు ఆలస్యమైతే కథ అయిపోయినట్టే. అమ్మ కౌంటర్‌కు చేరలేకపోతే రాలేదని రాసుకుంటారు, చాలా టికెట్లలో తిరుగు ప్రయాణం కూడా దాంతోపాటే రద్దవుతుంది. మొదటి విమానం ఆలస్యంతో రెండో సంస్థకు సంబంధం లేదు. ఇంకొకటి, లోకల్ విమానాల్లో సాధారణంగా పెట్టెలన్నీ కలిపి 15 కిలోలే. అమెరికా టికెట్ మీద ఇచ్చే 46 కిలోలతో వెళితే 31 కిలోలకు అదనపు రుసుము. చవక అనుకున్న టికెట్ అక్కడే తేలిపోతుంది. అదే ప్రయాణం గన్నవరం నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్ మీద దొరికితే అప్పుడు ఆలోచించవచ్చు.

నవంబర్ అన్నారు కాబట్టి ఒక మాట. అది మనకు తుఫాన్ల నెల. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుఫానుకు చెన్నై రన్‌వే మునిగి, మర్నాటి ఉదయం దాకా విమానాశ్రయం మూసేశారు. కాన్పు డిసెంబర్ మధ్యలో అయితే నవంబర్ మొదటి వారంలో పంపండి, చివరి వారం దాకా లాగవద్దు. బయలుదేరే ముందు నాలుగు రోజులు వాతావరణ శాఖ బులెటిన్లు చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినిపిస్తే ఒక రోజు ముందే వెళ్ళి తాంబరం వైపు రాత్రి బస చేయండి. అలా చేస్తే పై లెక్కలోని కారు గంటలు కూడా విడిపోతాయి, అమ్మకు ఒక రాత్రి నిద్ర దక్కుతుంది. వాన లేకపోయినా డబ్బు సర్దుబాటైతే ఇలాగే చేయమంటాను.

ఒంటరిగా పంపవచ్చా అంటే, వీల్‌చైర్ రాయించి, మధ్యలో 3 గంటల ఆగుడు ఉంటే పంపవచ్చు. వీల్‌చైర్ ఉచితం. కానీ విమానాశ్రయానికి వెళ్ళాక అడిగితే కాదు, కనీసం 48 గంటల ముందు టికెట్‌లో రాయించాలి. అందులో మూడు రకాలున్నాయి. మెట్లు ఎక్కగలిగి, దూరం నడవలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేని వాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఎస్. అసలు కదలలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్‌సీ. మీ అమ్మగారికి మోకాళ్ళు రెండూ నొప్పే కాబట్టి రెండోది రాయించండి. కొన్నిచోట్ల విమానం దూరంగా ఆగి, మెట్ల మీద దిగి బస్సెక్కాల్సి వస్తుంది. మొదటిది రాయిస్తే ఆ మెట్ల దగ్గర ఆమే దిగాలి. చెన్నైలో టికెట్ లేని మిమ్మల్ని లోపలికి పంపరు, గుమ్మం దగ్గర పాస్‌పోర్టు, టికెట్ చూసి ఆమెనొక్కరినే పంపుతారు. వీల్‌చైర్ తోసే మనిషి బయటికి వచ్చాక, ఆయనకు అప్పజెప్పాకే మీరు కదలండి.

ఆగే సమయం 2 గంటల లోపున్న టికెట్ ఎంత చవకైనా వద్దు. వీల్‌చైర్ వచ్చే దాకా సీట్లోనే కూర్చోవాలి, అక్కడే అరగంట పోతుంది. 6 గంటలకు మించిన ఆగుడూ వద్దు. భాష రాని చోట ఒక కుర్చీలో అంతసేపు కూర్చోవడం 16 గంటల విమానం కన్నా కష్టం.

మాత్రల సంగతి డాక్టరు దగ్గర ముందే తేల్చుకోవాలి. పడమరకు పోతున్నందున ఆ రోజు ఆమెకు 11న్నర గంటలు పొడుగవుతుంది. 14 రాత్రి మాత్ర కారులో, 15 ఉదయం మాత్ర దుబాయ్‌లో, 15 రాత్రి మాత్ర గాల్లో పడతాయి. 16 ఉదయం మాత్ర వేళకు డల్లాస్‌లో 15 సాయంత్రం. ఆ మాత్ర అప్పుడే వేసుకోవాలా, అక్కడి ఉదయం దాకా ఆపాలా అన్నది డాక్టరునే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆమె చేతి గడియారం దారిలో మార్చవద్దు, మన సమయమే చూపించనివ్వండి, ఇల్లు చేరాక చెల్లెలు మారుస్తుంది. మాత్రలన్నీ చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో వద్దు. షుగర్ భోజనం కావాలంటే డీబీఎంఎల్ అని, మన శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్ అని ముందే రాయించాలి.

సీటు నడవా పక్కన తీసుకోండి, కిటికీ పక్కన కాదు. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కాబట్టి మెలకువగా ఉన్నంతసేపు గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నప్పుడు పాదాలు పైకి కిందికి ఆడించాలి. బిగుతు మేజోళ్ళు మంచివే, కానీ షుగర్ ఉంది కాబట్టి డాక్టరును అడిగే వేయించండి. బాత్‌రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేస్తారు పెద్దవాళ్ళు. అది చేయొద్దని మీరు కాదు, చెల్లెలి చేత చెప్పించండి.

ఆవకాయ జాడీ చేతిసంచిలో పెడితే చెన్నైలోనే తీసేస్తారు, నూనె ఉంది కాబట్టి ద్రవం కింద లెక్క. పెట్టెలో పెట్టండి, డల్లాస్‌లో అడిగితే ఉందని చెప్పమనండి. కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్ళు మాత్రం పంపవద్దు.

ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఆమె పేరు, రెండు విమానాల నంబర్లు, కూతురి పేరు, ఫోన్, చిరునామా, వాడే మందులు, తెలుగు మాత్రమే వచ్చు అన్న మాట రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో వేసుకునే సంచిలో ఉంచండి. అదే కాగితం వెనక తెలుగులో ఏ చోట ఏం జరుగుతుందో వరసగా రాయండి. చదవలేకపోతే పక్కవాళ్ళ చేత చదివించుకుంటారు. డల్లాస్ ఇమ్మిగ్రేషన్‌లో ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడుంటారు అని అడుగుతారు. కూతురి కాన్పుకు వచ్చాను, ఫలానా నెలలో వెళ్ళిపోతాను అన్నది నిజం, అదే చెప్పాలి. అర్థం కాకపోతే కాగితం చూపించి తెలుగు మనిషిని ఫోన్‌లో కలపమని అడగవచ్చు. తిరుగు టికెట్ నకలు ఆ సంచిలోనే ఉండాలి.

చివరగా తేదీ. అర్ధరాత్రి దాటాక ఉండే విమానాల దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా పొరపాటు పడతారు. 15వ తేదీ 4 గంటలు అని చూసి 15 రాత్రి బయలుదేరితే విమానం అప్పటికే వెళ్ళిపోయి 15 గంటలై ఉంటుంది. మీ ఇంటి క్యాలెండర్‌లో 14 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "రాత్రి 7, కారు" అని రాయండి. చెల్లెలిని తన క్యాలెండర్‌లో 15 సాయంత్రం 4 దగ్గర చుట్టమనండి.